శివారు ఊళ్లో గెలిచిన జెండా: ఒక ఎంపీటీసీ స్థానం కేస్ స్టడీ

2024 అసెంబ్లీ ఎన్నికల ఫలితాలొచ్చాక కొన్నాళ్లకు ఫారం-20 చేతికొచ్చింది. ఏ బూతులో ఎవరికెన్ని ఓట్లు పడ్డాయో వరుసగా రాసి ఉండే కాగితం అది. మా అభ్యర్థి సొంత ఊరి బూతు నంబరు మీద వేలు పెట్టి కుడివైపుకి జరుపుకుంటూ పోయాను. మా గడిలో అంకె చూసి వరుస తప్పానేమో అనుకున్నాను. స్కేలు పెట్టి మళ్లీ చూశాను. తప్పలేదు. మూడేళ్ల కిందట మేం ఎంపీటీసీ, అంటే మండల పరిషత్ సభ్యుడి స్థానం గెలిచిన ఊరది. ఇప్పుడు నోటా మాకంటే ముందుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పార్టీకి నేను ఎన్నికల పని చూస్తుంటాను. నామినేషన్ పత్రాలు నింపడం, పోలింగ్ ఏజెంట్లకు నియామక పత్రాలు (ఫారం-10లు) రాయించడం, ఖర్చుల రిజిస్టరు సరిచూడటం, పోలింగ్ ముగిశాక బూతులో పోలైన ఓట్ల లెక్క ఉండే 17-సి కాపీలు పోగెయ్యడం నా పని. ఉపన్యాసాలు నావి కావు. పార్టీ పేరు, ఊరి పేరు, మనుషుల పేర్లు ఇందులో రాయను. మాది ఎన్నికల సంఘం దగ్గర నమోదై, గుర్తింపు మాత్రం లేని పార్టీ. ఊరు వంశధార ఎడమ కాలువ శివారులో ఉంది. ఈ రెండూ మాత్రం చెప్పక తప్పదు. మొదటిది మేం ఓడిపోవడంలోకీ, రెండోది మేం గెలవడంలోకీ నేరుగా వస్తాయి.

కాలువ గట్టు మీద

గొట్టా బ్యారేజీ దగ్గర బయల్దేరిన ఎడమ కాలువ నూరు కిలోమీటర్లు దాటి పారుతుంది. కాగితం మీద చివరి ఎకరానికీ వాటా ఉంది. వరి పొట్టకొచ్చే వేళకి మాత్రం పై ఊళ్ల వాళ్లు అడ్డుకట్టలు వేస్తారు, కాలువలోనే ఇంజిన్లు దించుతారు. శివారుకి తడి వస్తుంది గానీ నీరు రాదు.

మా అభ్యర్థి ఆ ఊళ్లో మోటార్లు, డీజిల్ ఇంజిన్లు బాగుచేస్తాడు. ఊరంతా అతన్ని మోటారాయన అంటారు. పార్టీలోకి రాకముందునుంచే ఏటా ఆ పదిహేను రోజులు అతని రాత్రుళ్లు కాలువ గట్టు మీదే. కాలువ కాపలా చూసే లస్కర్‌ని వెంటబెట్టుకుని, నలుగురు కుర్రాళ్లతో తూము నుంచి తూముకి నడిచేవాడు. ఒక రాత్రి నేనూ వెళ్లాను. ఒక తూము దగ్గర షట్టరు స్క్రూ రాడ్డు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లస్కర్ చేతులెత్తేశాడు. ఇతను ఐస్‌క్రీం డబ్బాలోంచి గ్రీజు తీసి, రాడ్డుకి డీజిల్ పోసి, అరగంట సేపు పానాతో అటూ ఇటూ ఆడించాడు. షట్టరు జానెడు లేచింది. ఈలోగా పై ఊరి రైతు ఒకాయన కర్ర పట్టుకుని వచ్చాడు. మావాడు తలెత్తకుండానే అన్నాడు: "మొన్న నీ ఇంజినుకి గాస్కెట్ ఏసింది ఎవులు మావా? డబ్బులు కూడా ఇయ్యలేదు నువ్వు. తెల్లారేదాకా ఇటు ఒగ్గెయ్యి, తరవాత నువ్వే తిప్పుకో." ఆయన కాసేపు తిట్టి, కూర్చుని చుట్ట కాల్చుకుని వెళ్లిపోయాడు.

మా గెలుపుకి పునాది ఇదే. మా పార్టీ మేనిఫెస్టో ఆ ఊళ్లో ఎవరూ చదవలేదు. నిజం చెప్పాలంటే నేనూ పూర్తిగా చదవలేదు.

గెలుపు ఎలా వచ్చింది

పరిషత్ ఎన్నికల నామినేషన్లు 2020 మార్చిలో వేశాం. కరోనాతో ఎన్నిక ఆగిపోయింది. ఎంపీటీసీ స్థానం మహిళకు రిజర్వు కావడంతో మోటారాయన భార్య నిలబడింది. ఆమె డ్వాక్రా సంఘం లీడరు, బ్యాంకులో మేనేజరుతో నిలబడి మాట్లాడగల మనిషి. మేం కరపత్రాల మీద ఆమె ఫొటో చిన్నగా, ఆయనది పెద్దగా వేశాం. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుచేస్తుంటుంది.

ఏడాది తరవాత ఎన్నిక మళ్లీ కదిలింది. 2021 ఏప్రిల్ 8న పోలింగ్. దానికి ఆరు రోజుల ముందు తెలుగుదేశం ఈ పరిషత్ ఎన్నికలను బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. నామినేషన్లు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి బ్యాలెట్ మీద సైకిల్ అలాగే ఉంది. చాలాచోట్ల దాన్ని నడిపే మనిషే లేడు. మరునాటి రాత్రి ఆ పక్షం పెద్దమనిషి ఒకాయన మావాడింటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి, "మావోళ్లు ఎలాగూ ఇంట్లో కూకుంటారు. కూకునే బదులు నీ ఇంటిదానికి ఎయ్యమంటాను. ఎమ్మెల్యే ఎలచ్చన్లకి మాత్రం నన్నడగొద్దు" అన్నాడు. ఆ చివరి మాట నేను చెవులారా విన్నాను. విని కూడా డైరీలో రాసుకోలేదు.

కోర్టు కేసుల వల్ల లెక్కింపు సెప్టెంబరు 19 దాకా ఆగింది. పేపరు బ్యాలెట్లు, పాతికేసి కట్టలు. మాకూ రెండో స్థానానికీ తేడా రెండు కట్టలు కూడా లేదు. అయినా గెలుపు గెలుపే. పార్టీ రాష్ట్ర ఆఫీసు నుంచి గంటలో పోస్టరు వచ్చింది. సిక్కోలు (శ్రీకాకుళం) మార్పు కోరుకుంటోందని, ఉత్తరాంధ్ర మేలుకుందని ఏవేవో రాశారు. ఒక్క ఎంపీటీసీ. జిల్లాలో ఎన్ని ఎంపీటీసీ స్థానాలున్నాయో ఆ పోస్టరు రాసినవాళ్లు చూసి ఉండరు.

సర్పంచుల సంగతైతే ఇంకో తమాషా. 2021 ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికలు పార్టీ రహితం. ఉంగరం, కత్తెర లాంటి గుర్తుల మీద గెలిచిన మనిషిని ప్రతి పార్టీ తనవాడంటుంది. మేమూ అన్నాం. మా లెక్కలో ఉన్న ఒక సర్పంచి ఇంకో రెండు పార్టీల లెక్కల్లోనూ ఉన్నాడని తరవాత తెలిసింది. అతన్ని అడిగితే నవ్వి టీ పోయించాడు.

మా వాటా ఎంత

ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ గెలుపుని విప్పి చూస్తే, మా సొంత ఓటు అందులో కొంతే. కాలువ నీటి కోసం, డ్వాక్రా పనుల కోసం ఆ దంపతులకి పడిన ఓటది. అది గట్టిదే, కానీ మనుషులకి పడిన ఓటు. ఇంకొంత అరువు ఓటు. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి పంపించింది. దాన్ని ఆయన ఎప్పుడైనా వెనక్కి పిలుచుకోగలడు, పిలుచుకుంటానని ముందే చెప్పాడు కూడా.

మూడోది చాలామంది పట్టించుకోరు. ఆ రోజు ఊళ్లో లేనివాళ్లు. మా ఊళ్లలో పనిచేసే వయసు మనుషులు సగం మంది హైదరాబాదు, విజయవాడ, చెన్నై అపార్టుమెంట్ల దగ్గర ఉంటారు. మత్స్యకార గ్రామాల వాళ్లు గుజరాత్ దాకా పోతారు. 2018 నవంబరులో అక్కడ బోట్ల మీద ఉండగా పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరిలో విడుదలైనవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు ఉన్నారు. ఇలా బయట ఉన్నవాళ్లు ఎంపీటీసీ ఓటు కోసం కూలీ వదులుకుని రారు. పైగా అప్పుడు కరోనా రెండో విడత. ఊళ్లో మిగిలిన ఆడవాళ్లు, ముసలివాళ్లు, రైతులు ఓటేశారు. వాళ్లే మోటారాయన్ని రోజూ చూసేవాళ్లు.

2024 మే 13 దగ్గరికొచ్చేసరికి హైదరాబాదు నుంచి వచ్చే బస్సుల్లో, రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. ఊరు ఊరంతా దిగింది. ఓటర్ల జాబితా అదే, వరుసలో నిలబడ్డ జనం వేరు. కాలువ గట్టు మీద ఎవరు నడిచారో ఆ కుర్రాళ్లలో చాలామందికి తెలీదు. ప్రభుత్వం ఎవరిది రావాలో మాత్రం రైల్లోనే తేల్చుకుని వచ్చారు.

మేం మాత్రం ఒకే మెట్ల వరుస అనుకున్నాం: ఎంపీటీసీ, తరవాత ఎమ్మెల్యే, తరవాత ఎంపీ. కింద గెలిచాం కాబట్టి కనీసం ఆ మండలంలోనైనా బలం చూపిస్తామని లెక్కేసి మోటారాయన్నే అసెంబ్లీకి దించాం. ఆ లెక్క వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

గుర్తు

గుర్తింపు లేని పార్టీకి సొంత గుర్తు ఉండదు. పరిషత్ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, అసెంబ్లీ ఎన్నికలు నడిపేది కేంద్ర ఎన్నికల సంఘం. ఎవరి గుర్తుల జాబితా వాళ్లది. రాష్ట్రమంతా ఒకే గుర్తు కావాలంటే 1968 గుర్తుల ఉత్తర్వు ప్రకారం ముందే దరఖాస్తు పెట్టుకుని, కనీసం 5 శాతం స్థానాల్లో అభ్యర్థుల్ని నిలబెట్టాలి. మన 175కి అది తొమ్మిది స్థానాలవుతుంది. మాకు తొమ్మిది నామినేషన్లకు డిపాజిట్లు కట్టే స్తోమత లేదు. దాంతో 2021లో గ్యాస్ సిలిండర్ మీద గెలిచిన కుటుంబం 2024లో కుట్టు మిషను మీద పోటీ చేసింది. ఎంపీటీసీ ఇంటి గోడ మీద పాత సిలిండర్ బొమ్మ చెరపడం కూడా మాకు తట్టలేదు. పోలింగ్ రోజు ఒక ముసలమ్మ బయటికొచ్చి, "బండ ఎక్కడా అవుపడలేదు నాయినా, అందుకే సైకిలు నొక్కేసినాను" అంది. ఆమె చెప్పింది నిజమో, నా మనసు నొప్పించకుండా అన్న మాటో తెలీదు.

గుర్తు తలనొప్పి మాకొక్కరికే కాదు. 2024లో జనసేన 21 అసెంబ్లీ స్థానాల్లో పోటీచేస్తే, ఆ పార్టీ లేని కొన్ని చోట్ల వాళ్ల గాజు గ్లాసు గుర్తు స్వతంత్రులకు వెళ్లి, సంగతి హైకోర్టు దాకా నడిచింది. అప్పటికి అది గుర్తింపు లేని పార్టీయే. గెలిచాక, 2025 జనవరిలో గాని గ్లాసు వాళ్ల సొంతం కాలేదు.

ఫలితాలొచ్చిన వారానికి ఊరికి వెళ్లాను. మొహం చాటేస్తారేమో అనుకున్నాను. ఎవరూ చాటెయ్యలేదు. అదే అరుగు, అదే మంచినీళ్లు. వరుసకి మోటారాయనకి పిన్నమ్మ అయ్యే ఆవిడ సూటిగా చెప్పింది: "నీకెయ్యలేదని కాదు బాబూ. పరిషత్తు ఓటంటే నీ ఇంటిదానికే. ఇది సీఎమ్ము ఓటు కదేటి. ఫించను నాలుగేలు సేత్తానన్నోడికి ఎయ్యాలా, వొద్దా? నువ్వే సెప్పు." జులై 1న ఆవిడకి పెరిగిన నాలుగు వేలు, ఏప్రిల్ నుంచి బకాయి మూడు వేలు కలిపి ఏడు వేలు చేతిలో పడ్డాయి. ఆవిడ లెక్క తప్పని ఎలా అంటాం? మా ఎంపీటీసీకి నెలకు వచ్చే గౌరవ వేతనం మూడు వేలు. మండల సమావేశంలో ఆమె చెయ్యగలిగింది కాలువ సంగతి మాట్లాడి మినిట్స్‌లో రాయించడం.

అంటే జనానికి మామీద అపనమ్మకమేమీ లేదు. ఏ పనికి ఏ ఓటో వాళ్లకి స్పష్టంగా తెలుసు. గట్టు మీద నడిచినదానికి కూలీ ఎంపీటీసీ ఓటుతో ఇచ్చేశారు. ఆ రసీదు పట్టుకెళ్లి వేరే కౌంటర్లో చూపించింది మేమే.

పై లెక్క వేరే

ఫారం-20 చూసిన రాత్రి నుంచి పాత ఫలితాలు తిరగేస్తున్నాను. మన సిక్కోలు, విజయనగరాల్లో చిన్న పార్టీలకి పెద్ద చరిత్రే ఉంది. చూసేకొద్దీ నాకు తేలిందేమిటంటే, కింద గెలవడానికి మన బలం చాలు. పైన లెక్కలోకి రావాలంటే ఎదుటివాడికి తక్కువ పడాలి. ఆ తక్కువ మన చేతిలో ఉండదు.

గౌతు లచ్చన్న సంగతి చూడండి. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం వ్యవహారంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుగీత కార్మికుల సత్యాగ్రహం నడిపిన లచ్చన్న అప్పుడు ఉన్నది కృషికార్ లోక్ పార్టీలో, చాలా చిన్న పార్టీ. అయినా ఆనాడు లెక్కకొచ్చింది, సభలో తేడా అంత సన్నంగా ఉంది కాబట్టి. అదే లచ్చన్న 1967లో స్వతంత్ర పార్టీ తరఫున శ్రీకాకుళం ఎంపీగా గెలిచి, ఆ స్థానం వదులుకుని, చిత్తూరులో ఓడిన ఎన్.జి. రంగాని ఇక్కడి ఉప ఎన్నికలో గెలిపించి పంపాడు. ఢిల్లీ స్థాయి నాయకుడికి సిక్కోలు ఓటు ఆసరా అయింది. ఆ సభలో స్వతంత్ర పార్టీకి 44 స్థానాలు, ప్రతిపక్షంలో అదే పెద్దది. కాంగ్రెసుకి 283 ఉన్నాయి, 44తో దానికి అవసరం పడలేదు. 1969లో కాంగ్రెస్ చీలి ఇందిరా గాంధీకి మద్దతు కావాల్సినప్పుడు పనికొచ్చింది సీపీఐ, డీఎంకే. 1971లో స్వతంత్ర 8కి పడిపోయింది, 1974లో భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

పార్టీ పోయింది, లచ్చన్న సొంత ప్రాంతం సోంపేట వైపు ఓటు పోలేదు. లచ్చన్న కొడుకు శివాజీ తెలుగుదేశం తరఫున పలుమార్లు గెలిచారు, 2024లో పలాసలో మనవరాలు శిరీష గెలిచారు. విజయనగరంలోనూ అంతే. పి.వి.జి. రాజు యాభైల్లో సోషలిస్టు, తరవాత కాంగ్రెసు. కొడుకు అశోక్ గజపతిరాజు 1978లో జనతా, తరవాత తెలుగుదేశం. జెండాలు మారాయి, ఇంటి గుమ్మం మారలేదు. సోషలిస్టు పార్టీ బలమని ఆ రోజుల్లో ఎవరో లెక్క రాసుకునే ఉంటారు, మేం రాసుకున్నట్టే.

2004లో నాగూరులో సీపీఎం గెలిచింది. ఏజెన్సీలో ఆ పార్టీ పని నిజమైన పని, నేను కళ్లారా చూశాను. కానీ ఆ గెలుపు కాంగ్రెస్ పొత్తులో వచ్చింది. 2009 నాటికి నియోజకవర్గాల పునర్విభజనలో నాగూరు నియోజకవర్గమే మాయమై కురుపాం వచ్చింది. కింద అంత పాతుకున్నా, కాగితం మీద గీత జరిగితే ఎవరేం చెయ్యగలరు?

నెల్లిమర్ల ఇంకా దగ్గరి పాఠం. 2019లో జనసేన అభ్యర్థి లోకం నాగమాధవి అక్కడ ఓడిపోయారు. ఆ పార్టీ మొత్తం రాష్ట్రంలో గెలిచింది ఒక్క రాజోలే. 2024లో పొత్తులో అదే నెల్లిమర్లలో ఆమే గెలిచారు, పాలకొండ కూడా వచ్చింది, పోటీచేసిన 21కి 21 వచ్చాయి. ఐదేళ్లలో ఆ పార్టీ పని ఇరవై ఒక్క రెట్లు పెరిగిందనుకోవాలా? ఎదుటి పక్షాన్ని ఓడించడానికి పెద్ద పార్టీకి ఆ ఓటు అవసరపడింది. 2019లో శ్రీకాకుళం ఎంపీ స్థానం 6,653 ఓట్లతో తేలిందని గుర్తుపెట్టుకుంటే ఆ అవసరం ఎక్కడ పుడుతుందో తెలుస్తుంది.

ఇక ఢిల్లీ. ఈ మూడు ఎన్నికల అంకెలు నేను శిక్షణ తరగతుల్లో బోర్డు మీద రాస్తాను. 2014లో తెలుగుదేశానికి 16 మంది ఎంపీలు, బీజేపీకి 282. అశోక్ గజపతిరాజు విమానయాన మంత్రి అయ్యారు. 2018 మార్చిలో ప్రత్యేక హోదా మీద తెలుగుదేశం బీజేపీ కూటమి నుంచి బయటికొచ్చింది. జులైలో పెట్టిన అవిశ్వాసానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325. ప్రభుత్వం కదల్లేదు. 2019లో వైఎస్సార్‌సీపీకి 22 మంది ఎంపీలు, బీజేపీకి 303. ఇరవై రెండూ అక్కరకు రాలేదు. 2024లో తెలుగుదేశానికి మళ్లీ అవే 16, బీజేపీకి 240, అంటే సొంత మెజారిటీ లేదు. ఇప్పుడు ఆ పదహారు లేకపోతే లెక్క కష్టం. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కేబినెట్‌లోకి వెళ్లారు, అదీ విమానయానమే. రెండుసార్లూ ఆ శాఖ మన పక్కపక్క నియోజకవర్గాలకే రావడం చూసి మావాళ్లు, భోగాపురం విమానాశ్రయం రన్‌వే పొడుగు మన జిల్లాల్లో కొలిస్తే చాలని జోకులేస్తారు. అంకె అదే, బరువు వేరు. సిక్కోలు ఓటరు ఆయన్ని మూడుసార్లు గెలిపించారు. కేబినెట్ కుర్చీ దగ్గరికి మాత్రం బీజేపీ ఉత్తరప్రదేశ్‌లో 62 నుంచి 33కి దిగాకే దారి పడింది.

పదహారుమంది ఉన్న పార్టీకే ఇలా ఉంటే, ఒక ఎంపీటీసీ ఉన్న మేం పోస్టర్లో ఏం రాసుకున్నామో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఇప్పుడేం చేస్తున్నాం

రెండు రిజిస్టర్లు పెట్టాను. ఒకదాంట్లో ఊరి పని: ఏ తూము, ఏ సంఘం, ఎవరి పాసుపుస్తకం. అందులో ఓట్ల అంకెలు రాయనివ్వను. రెండోదాంట్లో ఫారం-20 నుంచి తీసిన బూతులవారీ తేడాలు. గెలిచినవాడికీ ఓడినవాడికీ మధ్య తేడా మా ఓటుకంటే తక్కువున్న బూతులు ఎన్ని, అవి ఒకే నియోజకవర్గంలో ఉన్నాయా, చెదిరి ఉన్నాయా? పొత్తు మాటలకి కూర్చుంటే పనికొచ్చేది ఈ రెండో పుస్తకమే. ప్రస్తుతానికి అది చాలా సన్నటి పుస్తకం. రాష్ట్ర ఆఫీసుకి ఈ పద్ధతి నచ్చలేదు. కార్యకర్తల ఉత్సాహం చల్లారిపోతుందట. ఉత్సాహంతో డిపాజిట్ రాదని రాసి పంపాను, జవాబు రాలేదు.

అసెంబ్లీకి వచ్చేసారి నిలబడం అని మండల కమిటీలో తీర్మానం చేశాం. అది అంత తేలిగ్గా కాలేదు. ఇద్దరు కుర్రాళ్లు కండువాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయారు, అందులో ఒకడు తరవాత తిరిగొచ్చాడు. పరిషత్‌కి మాత్రం మా ఎంపీటీసీ మళ్లీ నిలబడతానంది, రిజర్వేషన్ ఏదొచ్చినా సరే, కుదరకపోతే పక్క స్థానం నుంచైనా. ఈసారి కరపత్రం మీద తన ఫొటో ఎంత సైజుండాలో కాగితం మడిచి చూపించింది.

పోయిన నెల మోటారాయన ఫోన్ చేశాడు. ఆ తూము షట్టరు మళ్లీ బిగుసుకుపోయిందట, ఇంజినీరుకి అర్జీ రాసిపెట్టమన్నాడు. రాస్తుండగా లైన్లోనే అడిగాడు: "ఈసారి మన గుర్తేటిస్తారు బాబూ? ముందే తెలిస్తే గోడ మీద ఆ బండ సెరిపేత్తాను."